ముగింపు తెలిసిన పైడమ్మ

ఊరంతా కథల్ని మాత్రల్లో మింగే రోజులవి. మాత్ర నాలిక మీద కరిగేలోగా నవల మొత్తం తలకెక్కేది. చుక్కల్లో తిరిగే ఓడ కథ ఏడు భాగాలూ పైడమ్మ ఒక్క పూటలో మింగేసింది. మొగుడు ఎరకయ్య మాత్రం అదే కథను పాత కాగితం పుస్తకాల్లో వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివేవాడు. మూడో తరగతి చదువు మరి.

"ఏటి మావా, నీ ఓడ ఇంకా లెగనేదా? మన కోడి ఎగిరీసింది" అని ఎకసెక్కమాడేది పైడమ్మ. నీళ్లు తేకపోతే ముగింపు చెప్పేస్తానని బెదిరించేది. ఎరకయ్య బిందె పట్టుకుని పరుగెత్తేవాడు.

మొదటి భాగం చదువుతూ ఒకనాడు ఫక్కున నవ్వాడు. కథంతా తెలిసిన పైడమ్మకు ఆ నవ్వెందుకో అందలేదు. చిక్కుడుకాయల చేట తెచ్చుకుని పక్కన కూర్చుంది.

"పైకి సదువు."

ఓడ నడిపే ముసలమ్మ కూరలో రెండుసార్లు ఉప్పేసి, తప్పు చంద్రుడి మీదకి నెట్టిందట. పైడమ్మా నవ్వింది. ఆనాటినుంచి రోజూ ఈనెలు తీస్తూ వినేది.

ఏడో భాగంలో ఓడకు నిప్పంటుకుంది. ముసలమ్మ లోపలే ఉండిపోయింది. పైడమ్మ చేతులు ఆగిపోయాయి.

"మావా, ఆ పేజీ తిప్పకు."

"ఏటవుతాదో నీకు తెలిసిందే గదే!"

"తెలుసులే. అయినా నువ్వు సదువుతుంటే బతుకుతాదేమోనని ఆశ."

ఎరకయ్య ఆ పుస్తకం మూసి, మొదటి భాగం తీసి, ఉప్పు కూర దగ్గర్నుంచి మళ్లీ మొదలెట్టాడు.