దూరపు దారి

“మీరు నన్ను నిలువునా ముంచేశారు మాస్టారూ!”

రేడియోలు బాగుచేసే మాస్టారు ఆయాసపడుతూ మేడ మీది గదిలో కాలు పెట్టాడో లేదో, ఆమె విరుచుకుపడింది.

“మంచినీళ్లిచ్చి తిట్టమ్మా. గొంతు ఎండిపోయింది.”

ఇచ్చింది. ఆయన తాగేదాకా ఆగింది. మళ్లీ అందుకుంది.

“కొత్త యాంటెన్నా బిగించి వారమైంది. దీనికంటే ఆ పాత రాగితీగే నయం. మా ఆయన గొంతు గుసగుసలా అయినా వచ్చేది. ఇప్పుడు అదీ పోయింది. పోయిన శనివారం పాప నాన్నా నాన్నా అని పిలిచి పిలిచి, ఏడుస్తూ మైకు ముందే నిద్రపోయింది.”

ఆమె భర్త ఓడలో వైర్‌లెస్ ఆఫీసరు. ఏడాదికి పదిహేను రోజులు ఇంట్లో, మిగతా కాలమంతా నీళ్ల మీద. శనివారం సాయంత్రం ఐదున్నరకు ఓడలోంచి పలకరిస్తాడు. ఆ పలకరింపు కోసమే ఆమె ఈ రేడియో పిచ్చిలో పడింది.

తొమ్మిదో తరగతిలో ఆగిపోయిన చదువు. రేడియోలో మాట్లాడేందుకు కావలసిన లైసెన్సు పరీక్ష మొదటిసారి తప్పింది. రెండోసారి చంకలో పాపతో వెళ్లి గట్టెక్కింది. మొదటి ఏడు ఎవరో వదిలించుకున్న పాత సెట్టు, నీళ్ల ట్యాంకు నుంచి పిట్టగోడ దాకా ఒక తీగ. మరుసటి ఏడు రెండు ఇనప పైపులు నిలబెట్టి తీగను పైకెత్తింది. ఆ తర్వాత వేళ్లు కాల్చుకుంటూ టంకం పెట్టి, సన్నటి గొంతును పెద్దది చేసే పెట్టె సొంతంగా తయారుచేసింది.

“లోకంలో కోడళ్లు మేడ మీద బట్టలు ఆరేస్తారు. మా కోడలు తీగలు ఆరేస్తుంది” అని అత్తగారు వీధంతా చెప్పుకునేది.

భర్త అయితే ప్రతిసారీ వద్దనే అనేవాడు.

“ఎందుకే ఈ హైరానా? నడిసముద్రంలో ఉన్నవాడి గొంతు అంతకంటే బాగా ఎలా వస్తుంది? ఉన్నదాంతో సర్దుకో.”

ఆమె సర్దుకోలేదు. పాపకు నాలుగేళ్లు నిండాయి. నాన్నంటే దానికి స్పీకరే. మొన్న ఆయన సెలవు మీద వస్తే, మనిషిని వదిలేసి వెళ్లి స్పీకరుకు ముద్దు పెట్టింది. కనీసం ఆ స్పీకరులోనైనా గొంతు తేటగా రావాలి.

అందుకే ఈ ఏడు ఇది. ఇనప స్తంభం మీద మూడు అడ్డకడ్డీలు. ఎటు తిప్పితే అటువైపు మాటలే వింటుంది. తిప్పడానికి మోటారు, గదిలో దిక్కులు చూపే డయలు. సముద్రం వైపు తిప్పి పెట్టుకుంటే మీ ఆయన పక్కగదిలోంచి మాట్లాడినట్టుంటుందని మాస్టారే ఆశపెట్టాడు.

మాస్టారు సెట్టు ముందు కూర్చుని మెల్లగా మీట తిప్పాడు. ఎవరిదో పరాయి భాష, గంట కొట్టినట్టు ఖంగున వచ్చింది.

“విన్నావా? సముద్రం అవతలి వాడు. ఇప్పుడు చెప్పు, నా యాంటెన్నాకి ఏం రోగం?”

“మరి ఆయనే ఎందుకు రారు?” అంది ఆమె. “ఒంటరి ఆడది, దీనికేం తెలుస్తుందిలే అని పనికిరానిది అంటగట్టారు. మిమ్మల్ని పెద్దదిక్కు అనుకున్నాను మాస్టారూ. మీరే ఇలా చేస్తారనుకోలేదు.”

మాస్టారి ముఖం మాడిపోయింది.

ఐదున్నర దాటింది. స్పీకరులో బరబరమని ఏదో కదిలింది. పాప పరుగెత్తుకొచ్చింది.

“అమ్మా, నాన్న గోకుతున్నాడు!”

మాస్టారు మోటారు మీట నొక్కాడు. పైన యాంటెన్నా కిర్రుమంటూ తిరగసాగింది. సెట్టు మీద గొంతు బలం చూపే ముల్లు కొంచెం లేచింది. ఇంకా తిప్పాడు. ఇంకా లేచింది. యాంటెన్నా సముద్రానికి పూర్తిగా వీపు పెట్టేసరికి ముల్లు చివరికంటా వెళ్లి కొట్టుకుంది.

“...వినబడుతోందా? ఓవర్” అంది ఆ గొంతు. మనిషి గదిలో నిలబడి అన్నట్టే ఉంది.

పాప చప్పట్లు కొట్టింది.

“మాటలు వెనకనుంచి వస్తున్నాయేంటి మాస్టారూ?” అంది ఆమె.

“భూమి గుండ్రం కదమ్మా. ఒక్కోసారి దగ్గరి దారి మూసుకుపోతే, మాట భూమి వీపు మీదుగా చుట్టూ తిరిగి ఇటునుంచి వస్తుంది. దూరపు దారి అంటాం మేము. ఓడ ఎంత దూరం పోయిందో ఏమో, పాపం.”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు జోడించింది.

“నోరు పారేసుకున్నాను. మీరు నన్ను మోసం చేశారనుకున్నాను.”

“పోనీలేమ్మా. తిట్లు కూడా దూరపు దారిన వచ్చాయనుకుంటాను” అని నవ్వాడు మాస్టారు.

తల్లీకూతుళ్లు వంతులవారీగా మాట్లాడారు. ఆరు కావస్తుండగా, “ఇక ఉంటాను, డ్యూటీకి వేళైంది. ఓవర్” అన్నాడు భర్త.

ఆమె మైకు లాక్కుంది. “ఒక్క ఐదు నిమిషాలండీ! ఇవాళ మీ ఊపిరి కూడా వినిపిస్తోంది. ఓవర్.”

“అవునా?” అన్నాడు ఆయన, గొంతు తగ్గించి.

పాప మైకు అందుకుంది. “నాన్నా, నీ దగ్గర ఏమున్నాయి? ఓవర్!”

“ఏముంటాయి బంగారం? ఎటు చూసినా నీళ్లే. నరమానవుడు లేడు. కనుచూపు మేరలో నేల అన్నదే...”

మాట పూర్తికాకముందే ఆరైంది. ఊళ్లో మిల్లు సైరన్ కిటికీలోంచి ఒకటి, స్పీకరులోంచి ఒకటి, రెండూ ఒక్కసారే మొదలై ఒక్కసారే ఆగాయి.