అడగకూడని మాట

జ్వరాల కాలం మళ్లీ వచ్చింది. విజయనగరంలో జోగారావు నడిపే అగరబత్తుల కార్ఖానా గుమ్మానికి బిగించిన యంత్రం రోజూ పొద్దున్నే పనివాళ్ల ఊపిరి చూసి, అంటుజబ్బు లేకపోతే పచ్చగా వెలిగి లోపలికి రానిస్తోంది. ఎవరికి ఏం జబ్బు చేసిందో యజమాని అడగకూడదు. అది చట్టం.

ఇరవై ఏళ్లుగా అక్కడ పరిమళాలు కలిపే పైడితల్లి పది రోజులు ఇంట్లో ఉండి పనిలోకి వచ్చింది. ఆ రోజు ఆమె కలిపిన సంపెంగ బత్తి వెలిగిస్తే తడిమట్టి వాసన వేసింది. జోగారావుకు సంగతి అర్థమైంది. ఇలాంటి సరుకు ఎవరూ కొనరు. కారణం అడిగితే నేరం. వెలుగుతున్న ఆ బత్తి పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాడు.

పైడితల్లే తలెత్తింది.

"మీరడక్కూడదు గానీ, నాను సెప్పొచ్చు గదా బాబూ? నాకు వాసన తెలడం నేదు. పని పోతాదని బయమేసింది."

జోగారావు తన పీట ఆమె పక్కకు జరుపుకొని, కళ్లు మూసుకుని ఆ పొగ పీల్చాడు.

"వాన వెలిసాక తోటలో నిలబడ్డట్టుంది పైడితల్లీ. సంపెంగ ఇంకా ఎక్కడో దూరంగా ఉంది."

"దగ్గరికి పిలుద్దాం, ఉండండి," అంటూ ఆమె సంపెంగ నూనె సీసా మూత తీసి ఇంకో రెండు చుక్కలు వేసింది.