టిక్కు ఆగిన రాత్రి

పోలండ్‌లో ఒక్కో పేరుకీ ఏటా ఒక పండుగ రోజుంటుంది. ఈ ఊరి కేబుల్ టీవీలో ఆ పేరు పండుగ శుభాకాంక్షలు ఇప్పటికీ పాత అమిగా కంప్యూటరే వేస్తుంది. "పిల్లలాడుకునే పెట్టెతో టీవీ నడుపుతారా?" అని వార్సా వాళ్ళు నవ్వితే, "మా ముసల్దాన్ని ఏమన్నా అన్నారో!" అని దాన్ని నడిపే లెషెక్ మీదపడేవాడు. ఆయన పోయి నెలయింది.

ఆ రాత్రి స్టూడియోలో ఆయన దగ్గర పని నేర్చుకున్న రెనాతా ఒక్కతే ఉంది. లోపల ఫ్లాపీ లేనంతసేపూ అమిగా టిక్కు టిక్కుమంటూనే ఉంటుంది. ఆమె టీ కలుపుకుంటుండగా ఆ చప్పుడు ఆగిపోయింది.

ఫ్లాపీ ఎవరు పెట్టారు?

తెర వెలిగింది. "రెనాతా పిల్లా, రేపు నీ పండుగ. కేకు ఎగ్గొట్టకు!" ఏటా లెషెక్ వేసే కార్డే. కింద ఈ ఏటి తేదీ ఉంది.

"తెస్తాలెండి లెషెక్ గారూ," అంది తెరతో. "మీకిష్టమైన గసగసాలదే."

టిక్కు మళ్ళీ మొదలైంది. టీ కప్పు పక్కన ఫ్లాపీ ఉంది, ఇంకా వెచ్చగా.