ముందు వరసలో అమ్మ

"నీకు దణ్ణం పెడతా అక్కా. అమ్మని నీ ప్లే చూడనివ్వను," అన్నాడు శ్రీకర్. థియేటర్ బయట కారులో కూర్చున్న తల్లికి వినబడకుండా గొంతు తగ్గించాడు.

"ఇంతదాకా తెచ్చి ఇప్పుడంటావేంరా?" అంది అమృత.

"పొద్దున రివ్యూ చదివా. తల్లి కాదు, రాక్షసి అని రాశాడు. లోపల సగం మంది మనవాళ్ళే! రేపు మా పియారా వాటర్స్ పేటలో ఆవిడ తలెత్తుకు తిరగొద్దా?"

"ఈ నాటకం రాసిందే ఆవిడ చూడాలని."

నిజమే. లండన్‌లో అమృత నాటకమంటే టికెట్లు దొరకవు. ఇదైతే ఊళ్ళన్నీ తిరిగి తల్లీ తమ్ముడూ ఉండే ఆస్ట్రేలియాలోని పెర్త్ దాకా వచ్చింది. చప్పట్లకేం, బోలెడు. ఆమె ముఖం వాచిపోయింది మాత్రం ఒక్క మాట కోసం. "తప్పు చేశానే అమ్మా" అని తల్లి ఒక్కసారి అంటే చాలు.

"షీ ఈజ్ ఓల్డ్, అక్కా. ఇప్పుడేం సాధిస్తావ్?"

"నాకు వాతలు పెట్టినప్పుడు నేను చిన్నపిల్లని కానా?"

శ్రీకర్ వెళ్ళి కారు తలుపు తీశాడు. ఆండాళ్ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ దిగింది. కూతురి నాటకమని పట్టుచీర కట్టుకొచ్చింది మహాతల్లి!

ఆట మొదలైంది. అమృత గోడవార నిలబడి స్టేజి వంక చూడనే లేదు. తల్లి ముఖమే చూస్తోంది.

స్టేజి మీద ఒక వంటగది, ఒక తల్లి, ఒక పిల్ల. ఊరూ పేరూ ఏమీ లేవు. దేవుడికి ఆరగింపు కాకుండానే పిల్ల పొంగలి నోట్లో వేసుకుంది. తల్లి అట్లకాడ ఎర్రగా కాల్చింది. "నువ్వు పుట్టకపోయినా బాగుండేది" అంటూ పిక్క మీద ఆనించింది. ఏడుపు బయటికి వస్తే ఇంకో వాత పడుతుందని పిల్ల తన నోరు తనే నొక్కుకుంది.

ముందు వరసలో ఆండాళ్ ముడుచుకుపోయింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

తగిలింది, అనుకుంది అమృత. తగలాలి. ఇన్నేళ్ళ కసి ఆమెకు.

దీపాలు వెలిగాయి. జనమంతా లేచి చప్పట్లు కొడుతున్నారు. ఆండాళ్ మాత్రం లేవలేకపోయింది. శ్రీకర్ అక్కని నమిలి మింగేసేలా చూశాడు. అమృత లెక్కచెయ్యకుండా వచ్చి తల్లి ముందు నిలబడింది.

"చెప్పమ్మా. ఏమీ అనవా?"

ఆండాళ్ కూతురి చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు ఆగడం లేదు. ఇన్నాళ్ళకి ఆ మాట వస్తోందని అమృత ముందుకు వంగింది.

"మీ నాన్నక్కూడా చెప్పుకోలేదు నేను," అంది ఆండాళ్ వెక్కుతూ. "మా అమ్మ నన్నిలా కాల్చేదని నీకెవరు చెప్పారే?"