మూడో కమాను

“ఈ చర్చిని కూల్చమని రాయాలంటే, ముందు నన్ను దాటుకుని వెళ్లాలి,” అంటూ ముసలాయన గుమ్మానికి కర్ర అడ్డం పెట్టాడు.

చర్చిని పరీక్షించి రిపోర్టు రాయడానికొచ్చిన ఇంజనీరమ్మకు ఏం చెయ్యాలో పాలుపోలేదు. అడ్డం నిలబడ్డది కన్నతండ్రి. ఆ చర్చికి ప్లాను గీసిందీ ఆయనే.

“చూడకుండా ఏం రాస్తాను నాన్నా? ముందు లోపలికి పోనీ.”

“చూసేదేముంది? నీ మొహం చూస్తేనే తెలుస్తోంది, రాసుకునే వచ్చావని.”

అక్కడే ఉన్న పాస్టరు నచ్చజెప్పి, భుజం పట్టుకుని ఆయన్ని లోపలికి నడిపించాడు.

గత శతాబ్దంలో, కాంక్రీటంటే అందరికీ మోజున్న రోజుల్లో కట్టిన చర్చి అది. గోపురం లేదు, చెక్కడాలు లేవు. నేలలోంచే లేచిన కమానులు పైకి వంగి, బోర్లించిన పడవలా కప్పును మోస్తున్నాయి. బలిపీఠం వెనక గోడ పొడుగునా సన్నటి నిలువు కిటికీలు. వాటి నీలం అద్దాల వెలుగు బెంచీల మీద పడుతోంది. పోయిన ఆదివారం ప్రార్థన మధ్యలో కప్పు పెచ్చులు ఊడి పడింది కూడా ఆ బెంచీల మీదే.

“పాత చర్చిల్లో జనం స్తంభాల చాటున చేరి కునుకు తీసేవాళ్లు. అందుకే మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా గీశాను,” అన్నాడు ముసలాయన.

“ఇప్పుడు మొదటి వరసలోనే తీస్తున్నారు లెండి,” అన్నాడు పాస్టరు.

ఆమె సుత్తితో కమానుల్ని తట్టడం మొదలుపెట్టింది. మొదటిది ఖంగుమంది. రెండోది కూడా. మూడోది డొల్లగా పలికింది. గట్టిగా తడితే పెచ్చు రాలి, లోపలి ఇనుప చువ్వ బయటపడింది. వేలితో గీకితే తుప్పు పొరలు పొరలుగా ఊడి వచ్చింది. ఆపై కమానులన్నీ అదే పాట.

“ఏమైంది?” అన్నాడు తండ్రి.

“ఏం లేదు. పైన కాస్త సిమెంటు పూత వేయిస్తే సరిపోతుంది.”

“దేవుడికి స్తోత్రం!” అన్నాడు పాస్టరు.

ముసలాయన కూతురి చేతిలోంచి సుత్తి లాక్కుని మూడో కమానును తనే కొట్టాడు. చెవి ఆనించి విన్నాడు. మళ్లీ కొట్టాడు.

“గీసినవాడికే పూత పూస్తావా తల్లీ? నా కళ్లలోకి చూసి చెప్పు.”

ఆమె ఆయన కళ్లలోకి చూసింది. 

“ఒక్కచోటే అయితే ఏదో ఒకటి చేసేదాన్ని నాన్నా. లోపల అంతటా పాకింది. ఇక ఏ మరమ్మతూ పనిచెయ్యదు.”

“ఎన్నాళ్లు నిలుస్తుంది?”

“వచ్చే వానలు దాటదు.”

పాస్టరు బెంచీ మీద కూలబడ్డాడు. “వచ్చేదే నలుగురు ముసలీ ముతకా. వాళ్లనెక్కడికి పొమ్మననమ్మా?” అన్నాడు. 

తండ్రి విరుచుకుపడతాడని ఆమె భయపడింది. ఆయన కమానును అరచేత్తో ఒకసారి నిమిరి, సుత్తి ఆమె చేతిలో పెట్టాడు. కూతుర్ని పట్టుకుని బయటికొచ్చి, మెట్టు మీద చతికిలబడ్డాడు.

“కూల్చమనే రాయి,” అన్నాడు.

“నన్ను తిట్టవా నాన్నా?”

“ఎందుకు తిడతానే? నిజం చెప్పావు. చెప్పలేవేమో అనుకున్నాను.” ఆమె చెయ్యి తన ఒళ్లోకి తీసుకున్నాడు. “ఇప్పుడు ఇదే గొంతుతో, పూతలు పూయకుండా చెప్పు. మొన్న నన్ను బయట కూర్చోబెట్టి, డాక్టరు నీతో ఏమన్నాడు?”