లావు కడ్డీ

"అది మీ కారుకి వద్దండీ," అన్నాడు గ్యారేజీ ఓనరు.

కారు తెచ్చిన లిఫ్టు మెకానిక్ వినిపించుకోలేదు. గోడకి ఆనించి ఉన్న మూడు స్వే బార్లలో అన్నిటికంటే లావుదాన్ని రెండు చేతులా ఎత్తి బల్ల మీద పెట్టాడు.

"ఇదే బిగించండి. ఆదివారం పోటీ ఉంది."

"పోటీ ఉందనే చెబుతున్నాను."

ముందు చక్రాలు రెండింటినీ కలుపుతూ కారు కింద అడ్డంగా ఉండే ఇనప కడ్డీ అది. మలుపులో బండి ఒక పక్కకి ఒరిగిపోకుండా పట్టి ఉంచుతుంది.

"మరీ సన్నదైతే బండి ఊగిసలాడుతుంది," అన్నాడు ఓనరు. "మరీ లావుదైతే ముందు చక్రాలకి పట్టు పోతుంది. మీరు స్టీరింగు ఎడమకి తిప్పుతారు, బండి మాత్రం తిన్నగా పోతుంది. నా మాట విని ఆ మధ్యది తీసుకోండి. అర సెకను కలిసొస్తుంది."

"దీంతో ఎంత పోతుంది?"

"పోవడమేంటి?"

"అదే, ఎన్ని సెకన్లు వెనకపడతాను?"

ఓనరు గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నవాడల్లా ఆగాడు. "ఇరవై ఏళ్ళ నుంచి ఈ పనిలో ఉన్నాను. ఓడిపోవడానికి సామాను కొనే మనిషిని ఇప్పుడే చూస్తున్నా. సంగతేంటి?"

లిఫ్టు మెకానిక్ కాసేపు నసిగి, చివరికి చెప్పాడు. ఖాళీ పార్కింగ్ స్థలంలో ప్లాస్టిక్ కోన్లు పేర్చి, వాటి మధ్య నుంచి ఒక్కొక్క కారునే వదిలి, ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కగట్టే పోటీ అది. కోన్ తగిలితే ఇంకొన్ని సెకన్లు కలుపుతారు. నెలకో ఆదివారం జరుగుతుంది. చిన్న కార్ల గ్రూపులో రెండేళ్ళుగా మొదటి స్థానం అతనిది, రెండో స్థానం కళ్ళజోళ్ళ షాపావిడది. ఈ ఏడాదికి ఇదే ఆఖరి పందెం. ఇందులోనూ గెలిస్తే మూడేళ్ళు వరసగా గెలిచినట్టు. అప్పుడు క్లబ్బు రూలు ప్రకారం అతను పెద్ద కార్ల గ్రూపుకి మారిపోవాలి.

"మంచిదేగా. ప్రమోషను."

"వాళ్ళ పోటీలు వేరే ఆదివారం పెడతారు."

"అయితే?"

"ఆవిడ ఉండదు."

ఓనరు పెదవుల మీద నవ్వు కదలడం చూసి అతను చెయ్యి అడ్డంగా ఊపాడు. "మీరనుకునేది కాదు. ఆవిడ నన్ను అన్నయ్యగారూ అని పిలుస్తుంది. లైన్లో నా వెనక కారు ఆవిడది. మా వంతు వచ్చేదాకా నిలబడి మాట్లాడుకుంటాం. టైర్ల గురించి, మలుపుల గురించి, అంతే. మిగతా రోజులన్నీ నేను లిఫ్టు గోతుల్లో ఉంటానండీ. లిఫ్టు ఆగితే ఫోన్ చేస్తారు, కదలగానే పెట్టేస్తారు. ఒక్కోరోజు రాత్రి తలుపు తాళం తీస్తూ దగ్గుతాను చూడండి, పొద్దుటి నుంచి నా గొంతు నేను వినడం అదే మొదటిసారి."

ఓనరు నవ్వు మానేశాడు. "మరి కాస్త మెల్లగా నడిపితే సరిపోయేదిగా?"

"పట్టేస్తుంది. నా బ్రేకు ఎక్కడ పడుతుందో ఆవిడకి కళ్ళు మూసుకున్నా తెలుసు. సామాను తప్పు ఎంచుకున్నానంటే మాత్రం నమ్ముతుంది."

ఓనరు పనివాళ్ళని పిలవకుండా తానే కారు కిందకి దూరి కడ్డీ బిగించాడు.

ఆదివారం అతను నిజాయితీగానే నడిపాడు. తెలిసిన విద్యంతా వాడాడు. అయినా మలుపు వచ్చిన ప్రతిచోటా కారు మొండికేసి తిన్నగా దూసుకుపోయింది. మొదటి పరుగులో ఒక కోన్ ఎగిరిపడింది, రెండో పరుగులో రెండు.

"ఏమైంది అన్నయ్యగారూ? బండి తిరగట్లేదేం?" అంటూ కళ్ళజోళ్ళ షాపావిడ పరుగులాంటి నడకతో వచ్చింది.

"కొత్త బార్ వేయించాను. లావైపోయినట్టుంది."

"అయ్యో, నన్నొక్క మాట అడగొద్దూ? చెప్పేదాన్నిగా."

ఒకరు తనని అలా కోప్పడి ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తురాలేదు. "వచ్చే ఏడాది అడుగుతాలెండి," అన్నాడు.

మూడో పరుగూ అతనికి కలిసిరాలేదు. ఆవిడ వంతు వచ్చింది. అతను చూసేవాళ్ళకి అడ్డంగా కట్టిన తాడు పట్టుకుని నిలబడ్డాడు. ఎర్ర కారు కోన్ల మధ్య నుంచి సూదిలో దారంలా సాగిపోయింది. ఒక్కటీ కదల్లేదు. బోర్డు మీద అంకెలు పడ్డాయి. సెకనులో నాలుగు పదోవంతుల తేడాతో ఆవిడ గెలిచింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అతనే. ఇంకో ఏడాది, పన్నెండు ఆదివారాలు.

ఆవిడ హెల్మెట్ తీసి నేరుగా అతని దగ్గరికే వచ్చింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"మూడేళ్ళు పట్టింది అన్నయ్యగారూ."

"బాగా నడిపారు. మళ్ళీ వచ్చే ఏడాది చూసుకుందాం."

"వచ్చే ఏడాది నేనెక్కడ? మా చెల్లెలు తన ఊరొచ్చి కలిసి ఉండమని ఎప్పటి నుంచో పోరుతోంది. మిమ్మల్ని ఒక్కసారైనా ఓడిస్తే గానీ కదలనని దానితో పంతం పట్టాను. ఇవాళే ఫోన్ చేసి వస్తున్నానని చెప్పేస్తాను."

అతను మళ్ళీ తాడు పట్టుకున్నాడు.

ఆవిడ జేబులోంచి ఓ మడత కాగితం తీసి, నవ్వుతూ రెండు ముక్కలుగా చింపింది.

"ఇవాళ కూడా మీరే గెలిస్తే, మీ వెనకే పెద్ద కార్ల గ్రూపులోకి వచ్చేద్దామని దరఖాస్తు కూడా నింపి పెట్టుకున్నాను."