రెండో లైను

ఆదివారం. బ్యాంకుకి సెలవు. అయినా తెర మీద గీత పైకి లేస్తోంది.

త్రినాథ్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. విజయనగరంలో, యూపీఎస్‌ల బాగోగులు చూసే కంపెనీలో అతనిది ఉద్యోగం. చుట్టుపక్కల బ్యాంకుల యూపీఎస్‌లన్నీ అతని సాఫ్ట్‌వేర్‌లో కనిపిస్తాయి. ఏ బ్యాటరీలో ఎంత మిగిలింది, ఏ లైను ఎంత లాగుతోంది, అన్నీ. ఇక్కడ కూర్చునే అక్కడి లైను ఆపేయొచ్చు కూడా.

తుఫాను దాటి నాలుగో రోజు. వంశధార ఒడ్డు ఊళ్ళకి ఇంకా కరెంటు రాలేదు. సెల్ టవరు ఒక్కటే డీజిల్ మీద నడుస్తోంది. ఆ గీత ఏటి రేవు పక్కనున్న బ్యాంకు బ్రాంచిది; అక్కడ రోజూ కాసేపు జనరేటరు తిప్పి బ్యాటరీలు నింపుతున్నారు. మొదటి లైను కంప్యూటర్లది. రెండోది గోడ ప్లగ్గులది. ఆ రెండోదే బ్యాటరీని తాగేస్తోంది.

ఇలా వదిలేస్తే రేపు బ్యాంకులో కంప్యూటర్లు లేవవు. అప్పుడు నిలదీసేది త్రినాథ్‌నే.

బ్రాంచికి ఫోను చేయబోతూ, అలవాటుగా ముందు ఇంకో నంబరు నొక్కాడు. స్విచాఫ్. నాలుగు రోజులుగా అదే మాట. అనూరాధ పురిటికి పుట్టింటికి వెళ్ళింది. ఏటికి అవతల ఊరు. డాక్టరు చెప్పిన రోజు కూడా దాటిపోయింది. తుఫాను రాకముందే వచ్చెయ్యమని బతిమాలింది. డ్యూటీ ఉందన్నాడు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా తనమీద తనకే సిగ్గేస్తోంది.

అటెండరు గంగులుకి ఫోను కలిపాడు.

“గంగులూ, బ్యాంకులో ఏం నడుస్తోంది?”

“ఏటీ నేదు బాబూ. ఫేనేసుకున్నాను.”

“ఒక్క ఫ్యానుకి ఇంత లాగదు. నాకిక్కడ కనిపిస్తోంది.”

వెనక ఎవరో దగ్గారు.

“ఎవరక్కడ? టీవీ పెట్టి జనాన్ని పోగేశావా?”

“బాబ్బాబు, ఒక్క గంట ఉంచండి. పున్నెముంటాది. మేనేజరుగోరికి మాత్రం సెప్పకండి.”

“నీ పుణ్యానికి బ్యాంకు కరెంటు కావలసొచ్చిందా?”

ఇంకో మాట విననివ్వలేదు. తెర మీద రెండో లైను ఆపేశాడు. గీత కుప్పకూలింది.

మధ్యాహ్నానికి కబురొచ్చింది, రేవు దాకా పడిపోయిన చెట్లు తీసేశారని. త్రినాథ్ బండి తీశాడు. సంచిలో కొవ్వొత్తులు, రొట్టెలు. వాటి మీద, పాత పొందూరు పంచె చింపి మడత పెట్టిన పొత్తిగుడ్డలు. అనూరాధ అడిగినవి అవొక్కటే.

రేవులో పడవ లేదు. అవతలి ఒడ్డుకి వెళ్ళింది, రావాలి. పక్కనే బ్యాంకు. అరుగు నిండా జనం. పడవ కోసం కూర్చున్నారనుకున్నాడు.

గుమ్మంలో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు.

“నువ్వేనా గంగులువి?”

“నానే బాబూ.”

“బ్యాంకు కరెంటుతో సినిమాలు చూపిస్తున్నావా ఊరికి? ఈ వయసులో దొంగ పనులేమిటి?”

అందరి ముందూ అనేశాడు. గంగులు తల దించుకున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి మడత పెట్టాడు. మళ్ళీ విప్పాడు.

అరుగు మీంచి చేపల గంప పక్కకి నెట్టి ఒకావిడ లేచింది.

“ఓలమ్మా! ఇజీనారంలో కూకుని మీట నొక్కీసినోడివి నువ్వేనేటి? రా బాబూ, సినిమా సూద్దువు గాని రా!”

రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది.

కౌంటరు మీద ఈ చివర నుంచి ఆ చివరకి ఫోన్లు. బొత్తాల ఫోన్లు, అద్దం పగిలినవి, రబ్బరుబ్యాండు చుట్టినవి. గోడ ప్లగ్గుల నుంచి వాటికి చిక్కులు పడ్డ తీగలు. ఒక్కదాంట్లోనూ వెలుగు లేదు.

“ఏటవతలోళ్ళు సంచీలో ఏసి పొద్దుటి పడవకి అంపినారు,” అందావిడ. “బతికున్నామని సెప్పుకోవద్దేటి అయినోళ్ళకి? నెంబర్లు ఎవుడికి నోటికొస్తాయి? అన్నీ ఈటిలోనే ఉన్నాయి. నీ ఇంట్లో కబురు ఇలాగే ఆగిపోతే అప్పుడు తెలుస్తాది నీకు!”

“ఊరుకోయే తవిటమ్మా,” అన్నాడు గంగులు వెనక నుంచి. “ఆ బాబు డూటీ ఆ బాబు సేసినాడు.”

ఆవిడ తిట్టినప్పుడు తగలలేదు. ఆ మాట తగిలింది.

త్రినాథ్ చెవులు వేడెక్కాయి. తన ఫోనులోనే సాఫ్ట్‌వేర్ తెరిచి రెండో లైను కలిపాడు.

కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత కౌంటరు మీద ఒకటి వెలిగింది. దాని పక్కది. ఆ పక్కది. అరుగు మీది జనం చప్పుడు చెయ్యకుండా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. వెలిగినవాటిని తవిటమ్మ ఒక్కొక్కటే ఆన్ చేసింది. గంగులు కుర్చీ తుడిచి వేశాడు. కుండలోంచి మంచినీళ్ళు ముంచి తెచ్చి ఇచ్చాడు.

“ఎండన పడి వొచ్చినారు. తాగండి బాబూ.”

గ్లాసు పుచ్చుకున్నాడు గానీ తాగలేకపోయాడు. ఆ మనిషి మొహం చూడలేక గోడ వైపు తిరిగాడు. ఏం చెయ్యాలో తోచక, అలవాటైన నంబరు నొక్కాడు.

ఈసారి రింగయింది.

కౌంటరు చివర మోగుతున్న ఫోను ఎత్తి, “అల్లుడుగోరా? పొద్దుట్నించీ మీ ఫోనుకే సూస్తన్నాం బాబూ, ఆడపిల్ల పుట్టినాది, తల్లీ బిడ్డా కులాసా అని సెప్పమన్నారు” అంటున్న గంగులు గొంతు, త్రినాథ్‌కి ఒక చెవిలో ఫోనులోంచీ రెండో చెవిలో వీపు వెనక నుంచీ ఒక్కసారే వినిపించింది.